మెట్టభూమి మాగాణమైన కథ

మధ్యధరా సముద్రమునందలి క్రీటు ద్వీపమున, ఉత్తరమున ఇడా పర్వతపు దిగువకొండలకును దక్షిణమున ఆస్తరూసియా పర్వతపంక్తికిని నడుమ, సుమారు 50 కిలోమీటర్ల పొడవున పరచుకొనియున్న మెస్సారా మైదానమును గూర్చి చదువునప్పుడు, సిద్దిపేట ప్రాంతపు పాఠకునకు మొదట కలుగునది అసూయ యని చెప్పుటకు నేను సంకోచింపను. కొండలనుండి దిగివచ్చిన ఒండ్రుమట్టి, ఓలివు తోటలు, ద్రాక్షపందిళ్లు, గోధుమచేలు, వానికి ఎగువన గుట్టపై వెలసిన ఫైస్తోసు ప్రాచీనసౌధము: ప్రకృతి అచ్చట నిండుచేతితో వడ్డించినది. మనకో, సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున నల్లరాతి బండలపై పలుచగా కప్పిన ఎఱ్ఱని చెల్క నేల, వానకాలమున పొంగి వేసవికి ఇసుకయై మిగులు కూడవెల్లి వంటి వాగులు, జొన్నకును కందికిని తగిన తేమ తప్ప వరికి చాలని వర్షము. అయినను ఈ నేలమీద మనుష్యులు వేల యేండ్లుగా నిలిచి సేద్యము చేసిరనుటకు సాక్ష్యములు, మెస్సారాలో వలెనే, మొదట సమాధులలో లభించుచున్నవి.

మెస్సారా రైతులు నాలుగువేల యేండ్లకు పూర్వమే, తమ పల్లెల చెంతనే వలయాకారమున రాతిగోడలు కట్టి, తరతరములుగా తమవారిని ఒకే గృహమున నుంచినట్లు అందు పూడ్చిరి. ప్లాటనోసు గ్రామమునందలి యట్టి సమాధి యొకటి లోపలి వ్యాసమున సుమారు 13 మీటర్లు. సిద్దిపేట చుట్టుపట్ల నున్నవి వానికంటె తరువాతివి, ఇనుపయుగమునకు చెందినవి. పుల్లూరునను, నంగునూరు మండలములోని నర్మెట, పాలమాకుల గ్రామములందును 2017లో తెలంగాణ పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపినపుడు, బండల వలయముల నడుమ రాతిపలకలతో కూర్చిన పెట్టెలును, వానిపై మూతగా వేసిన మహాశిలలును బయల్పడినవి. నర్మెటలోని మూతబండ బరువు 40 టన్నులకు పైమాటయట; దానిని కదలించుటకు నేటివారికి క్రేను కావలసివచ్చినది. ఇట్టివానిని మన పల్లెవారు రాక్షసగుళ్లనిరి. ఆ మాట విని నవ్వువారితో నేను చేరను, ఏలయన ఆ బండను చూచినవానికి నరులు దానిని మోసిరని నమ్ముటకంటె రాక్షసులు మోసిరని నమ్ముటయే సులభము.

కాని మోసినవారు నరులే. అంత శిలను గుట్టనుండి విడదీసి, దొర్లించి, తెచ్చి, సరిగా పెట్టెపై నిలుపుటకు ఎందఱో మనుష్యులు కొన్నాళ్లు పొలముపని మాని రావలెను. వచ్చినవారికందఱకును తిండి పెట్టవలెను. తిండి పెట్టవలెనన్న గాదెలో మిగులుధాన్యముండవలెను. కావున ఆ సమాధిని చూచి యొక నాయకుని వైభవమును మాత్రమే స్మరించుట నాకు చాలదనిపించును. ఇనుప పనిముట్లతో చెల్క దున్ని, మిగులు పండించి, పదిమంది చేతులను ఒక పనికి కూర్పగలిగిన సమాజము దాని వెనుక కనబడుచున్నది. చెరువుకట్టకు కావలసినదియు సరిగా ఆ నేర్పే కదా.

చెరువుల విషయమున మనవారు సామాన్యముగా కాకతీయులను తలంచి ఊరకుందురు. గణపతిదేవుని కాలమున (1199–1262) పాఖాల, రామప్ప వంటి మహాతటాకములు వెలసినమాట నిజమే. చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటిగా పరిగణింపబడినందున రాజులే కాక సామంతులును, వర్తకులును ఆ పుణ్యమునకు పోటీపడిరి. అయితే పుణ్యముతో కట్ట నిలువదు. కడపజిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము (1369) మంచి తటాకమునకు పండ్రెండు సాధనములను చెప్పి, విడువవలసిన దోషములను గూడ పేర్కొన్నది; కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల యనువానితోపాటు, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట కూడ అందొక దోషము! ఆ శాసనకర్తకు మంటిశాస్త్రమే కాక మనుష్యుల స్వభావమును బాగుగ తెలిసియుండవలెను.

సిద్దిపేట నేలకు ప్రత్యేకముగా సరిపడినది గొలుసుకట్టు. ఏటవాలుగ నున్న మెట్టపై వాగునకు అడ్డముగ ఒకదానిక్రింద నొకటిగా చెరువులు పోసి, ఎగువచెరువు నిండి మత్తడి దుంకగా ఆ నీరు దిగువచెరువును నింపునట్లు అమర్చిరి. పెద్దనది లేని దేశమున నదిని ముక్కలుగా ఆపుకొనుట యిది. చెరువడుగున చేరిన పూడికమట్టిని వేసవిలో బండ్లతో చెల్కలకు తోలుకొనిరి. మెస్సారాకు కొండ ఇచ్చిన ఒండ్రును ఇచ్చట ఎద్దుబండి మోసినది.

నీరు నిలుపుట యొక యెత్తు, పంచుట మఱియొక యెత్తు. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఏ మడికి ఎంతసేపు పారింపవలెనో చూచుటకు ఊరూర నీరటి యుండెను. పంటలో కొంతభాగము వాని కూలి. మెస్సారాలోని గోర్టిన్ నగరమున క్రీస్తుపూర్వము ఐదవ శతాబ్దమునాటి శిలాక్షరములలోను ఈ చింత కలదు: నదినుండి తన పొలమునకు నీరు మళ్లించుకొనువాడు దండ్యుడు కాడు, కాని అంగడివీధి వంతెన క్రింద పారునంతటి నీరైనను నదిలో విడువవలెనట. అచ్చట రాతిపై చెక్కిన న్యాయమును ఇచ్చట నీరటి తన పారతో నడిపెను.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మోటబావులు ఎండి, బోర్లు లోతై, చెరువులు పూడి, ఈ ప్రాంతపువారు భీవండికిని గల్ఫుదేశములకును వలసపోయిన కథ అందఱెఱిగినదే. 2015లో మిషన్ కాకతీయ పేర పూడికతీత ఆరంభమైనది. 2022లో 50 టీయంసీల మల్లన్నసాగర జలాశయము ప్రారంభమైనది. దానిక్రింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలైన ఊళ్లు మునిగినవి. ఆ ఊళ్లవారు విడిచినది కూడ ఇట్లే తాతముత్తాతలు చేతులతో చేసిన నేలయే కనుక, కొత్త మాగాణపు లెక్కలో ఆ నష్టమును వ్రాయక విడుచుట న్యాయము కాదు. 2021లో కొండపోచమ్మసాగరపు గోదావరిజలమును హల్దీ వాగులోనికి విడిచిరి. గోదావరిని అంత యెత్తునకు తోడి తెచ్చిన పంపులును సొరంగములును ఈ కాలపువి. కాని కాలువనుండి చెరువునకు చేరిన నీరు మత్తడి దుంకి క్రిందిచెరువునకు పోవు దారి మాత్రము వెనుకటి గొలుసుకట్టుదే.