మస్జిద్‌లో రోగి గుడారం

హిజ్రీ 5లో కందక యుద్ధాన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి రక్తనాళానికి బాణం తగిలింది. సమీపం నుండి పరామర్శించాలని దైవప్రవక్త (స) ఆయనను తన మస్జిద్‌లోని గుడారంలో ఉంచారు. అది హజ్రత్ రుఫైదా (రజి) గుడారమనీ, దిక్కులేని క్షతగాత్రులకు ఆమె పుణ్యాపేక్షతో సేవచేసేవారనీ ఇబ్నె ఇస్‌హాఖ్ వ్రాశారు. ‘సమీపం’ అన్న మాటను గమనించండి.

1595లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుష్షిఫా కట్టించి ఉచితంగా యునానీ వైద్యం చేయించాడు. అయితే అది రాజధాని హైదరాబాదులో. మన కౌతాళం పత్తికూలీకి జబ్బు ముదిరితే నేటికీ ఆదోనికి, అక్కడినుండి కర్నూలుకు పోవలసిందే. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో ఆరంభమైన పథకం శస్త్రచికిత్స ఖర్చు భరిస్తుంది. తోడు వెళ్ళినవారు పోగొట్టుకున్న కూలి మాటేమిటి? జకాత్ అర్హులలో ఖురాన్ (9:60) మొదట పేర్కొన్నది ఫఖీర్లను, మిస్కీన్లనే. ఆ కుటుంబం అట్టిదైతే జకాత్ సొమ్ము వారి చేతికే ఇవ్వవచ్చును.