కనుమ దిగితే కడలి

చిత్తూరు జిల్లా వాళ్ళం మా జిల్లాను ఎప్పుడూ రెండుగానే చెప్పుకున్నాం: పడమటి మండలాలు, తూర్పు మండలాలు. జిల్లాల హద్దులు 2022లో మారినా ఆ మాట మాత్రం నోటి నుంచి పోలేదు. పడమట మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం. రాగి, పట్టు, పాలు, టమోటా, తెల్లవారుజామున చలి. తూర్పున చెరకు, వరి, మామిడి, ఉక్కపోత. ఈ రెంటి మధ్య గీత గీసినవి కనుమలు. పడమటి ఊళ్ళు సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్నాయి. బస్సులో నిద్రపోయేవాడికి కనుమ ఎప్పుడు దిగామో తెలియదు. మోటారు సైకిలు మీద పోయేవాడికి మాత్రం ఒళ్ళే చెబుతుంది. పలమనేరు దాటి మొగిలి కనుమలో నాలుగు మలుపులు తిరిగేసరికి చొక్కాలో దూరిన చల్లగాలి పోయి, ముఖానికి వేడి ఆవిరి తగులుతుంది. అది కింది సీమ గాలి. దాన్ని పట్టుకుని తూర్పుగా పోతే సముద్రం వస్తుంది.

మా ఊళ్ళకు సముద్రం లేకపోయినా, సముద్రం లేకుండా మా ఊళ్ళ చరిత్ర లేదు. రైలు రాకముందు కోస్తా ఉప్పును పెరికెడ్ల మీద లంబాడీలు పీఠభూమికి ఎక్కించేవాళ్ళు. తిరుగు ప్రయాణంలో ఎడ్ల మీద ధాన్యం దిగేది. ఉప్పు ఎక్కిన దారినే ఫిరంగులూ ఎక్కాయి. హైదర్ అలీ పుట్టింది కోలారు దగ్గరి బూదికోటలో, కుప్పానికి అంత దూరమేమీ కాదు. కన్నుమూసింది 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండు విడిదిలో. ఒకటి కనుమ మీది ఊరు, మరొకటి కనుమ కింది ఊరు. ఆయన బతుకంతా ఈ మెట్లు ఎక్కుతూ దిగుతూ గడిచినట్టే అనిపిస్తుంది నాకు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1791 ఫిబ్రవరిలో, ఈస్టిండియా కంపెనీ సేనాని కారన్‌వాలిస్ సైన్యం వేలూరు నుంచి బయలుదేరింది. ఆంబూరు వైపు నుంచి ఎక్కుతారని టిప్పు సుల్తాను అక్కడ కాపు కాశాడు. కారన్‌వాలిస్ అటు పోతున్నట్టు కనిపించి, ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. మార్చి 21 నాటికి బెంగుళూరు కోట కంపెనీ చేతిలో ఉంది. ఇవాళ మనం గేరు మార్చుకుంటూ దాటిపోయే ఆ మలుపుల్లో ఒక రాజ్యం తలరాత మారింది. అక్కడ అది చెప్పే బోర్డు ఒకటి ఉంటే ఎంత బాగుండును!

కుప్పం, మదనపల్లె, పుంగనూరు, మా ఈ మూడు ఊళ్ళనూ రైలు ఒకేలా చూడలేదు. 1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరుకు వేసిన లైను కుప్పాన్ని తాకింది. అప్పుడది కంగుంది జమీలోని చిన్న ఊరు, రైలు వచ్చి దాన్ని మద్రాసుకు దగ్గర చేసింది. మదనపల్లెకు పాకాల-ధర్మవరం లైను వచ్చినా స్టేషను ఊరికి దూరంగా మిగిలిపోయింది, పేరే మదనపల్లె రోడ్డు. పుంగనూరుకు అదీ లేదు. అందుకే ఈ పడమటి సీమలో రోడ్డు మీద జనానికి అంత మమకారం.

ఒకప్పుడు గాలి మార్పు కోసం జనం పైకి వచ్చారే గాని కిందికి పోలేదు. మైదానపు ఎండల నుంచి తప్పించుకోవడానికి కడప కలెక్టరు హార్స్‌లీ పంతొమ్మిదో శతాబ్దంలో ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. కొండ పేరు పోయి హార్స్‌లీ హిల్స్ మిగిలింది. 1915లో ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం తెరిచారు, ఈ గాలే మందు అని. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చి, అప్పటికి నాలుగేళ్ళ వయసున్న బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేసి, జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చారు. పైగాలి కోసం వచ్చేవాళ్ళకు దారులు వేసిన సీమ ఇది. సముద్రం చూడ్డానికని ఇక్కడి నుంచి దిగడం మోటారు సైకిలు వచ్చాకే మొదలైంది.

మ్యాపు ముందేసుకుంటే ఒక విశేషం కనబడుతుంది. దక్షిణాదిలో మోటారు బళ్ళు పుట్టిన ఊళ్ళు చాలా వరకు మా మూడు ఊళ్ళ చుట్టూ ఉన్నాయి. 1955లో మద్రాసు మోటార్స్, ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. కార్ఖానా తిరువొత్తియూరులో, సముద్రం పక్కన. అంటే బుల్లెట్టు కడలి ఒడ్డున పుట్టి కనుమ ఎక్కి మా ఊళ్ళకు వచ్చింది. 1961 నుంచి మైసూరులో జావాలు తయారయ్యాయి. 1970లలో అవే యెజ్డీలయ్యాయి. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. పాల క్యాన్లు, పశుగ్రాసం, టమోటా పెట్టెలు, ఇద్దరు పిల్లలు, ఆ వెనక వాళ్ళమ్మ, అన్నిటినీ మోసిన బండి అది. పడమటి మండలాల బతుకును మార్చిన యంత్రం ఏదని అడిగితే బుల్లెట్టని చెప్పను, టీవీఎస్ 50 అనే చెబుతాను. 1985లో హీరో హోండా, ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. ఒకటి లీటరు పెట్రోలుకు చాలా దూరం పోయేది, మరొకటి కనుమ మీద ఊపిరి తీసుకోకుండా ఎక్కేది. 1996లో యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 రెండూ ఆగిపోయాయి. ఇప్పుడు కరెంటు బళ్ళు కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలోనూ హోసూరులోనూ తయారవుతున్నాయి. కుప్పం నుంచి కృష్ణగిరికి పోయే రోడ్డు మీద అవి లారీల్లో కట్టలు కట్టలుగా వస్తుంటే చూస్తుంటాం.

ఆ రోడ్డే జాతీయ రహదారి 42. ఉరవకొండలో మొదలై అనంతపురం, కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి దిగుతుంది. మా మూడు ఊళ్ళనూ ఒక్క దారంతో కుట్టింది ఇదే. దీని మీది నుంచి తూర్పుకు తిరిగే ప్రతి దారీ ఎక్కడో ఒకచోట కనుమ దిగాల్సిందే. వి.కోట నుంచి పేర్నాంబట్టుకు దిగేది ఒకటి. దట్టమైన అడవి, తక్కువ జనం. అక్కడి నుంచి గుడియాత్తం, వేలూరు, కాంచీపురం దాటి మహాబలిపురం పోవచ్చు. కుప్పం వాళ్ళకు ఇదే దగ్గర. తెలుగులో బయలుదేరి తమిళంలో చేరతారు. నడుమ టీ బంకు దగ్గర కన్నడం కూడా వినబడుతుంది.

మొగిలి రెండోది. మొగిలీశ్వరుడి గుడి దగ్గర దండం పెట్టుకోకుండా దిగే పాత డ్రైవరును నేను చూడలేదు. దిగాక బంగారుపాళ్యం మామిడి తోటలు, చిత్తూరు. తర్వాత కార్వేటినగరం, పుత్తూరు మీదుగా నాగలాపురం. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరుతో వెలసిన ఊరు. ఆ పక్కనే సురుటుపల్లిలో శివుడు పవళించి ఉంటాడు, మరెక్కడా కనిపించని తీరులో. సత్యవేడు దాటితే తడ, ఆ పైన సూళ్ళూరుపేట. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యగా కట్టిన రోడ్డు మీద మొదటిసారి బండి నడిపినప్పుడు నా నోట మాట రాలేదు. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళలో గులాబీ రంగు చార ఒకటి. కాసేపటికి ఆ చార ఎగిరింది. అవి ఫ్లెమింగోలు. ఇంత అందం ఇచ్చిన ఆ రోడ్డే సరస్సును అడ్డంగా కోసి, నీటి రాకపోకలను దెబ్బ తీసిందన్న సంగతి కూడా మనం మరిచిపోకూడదు. 1971 అక్టోబరులో రోహిణి రాకెట్టుతో ప్రయోగాలు మొదలైన చోటుకు పోయే దారి కాబట్టి అది తప్పలేదు. అయినా నష్టం నష్టమే.

నాకు మూడోదే ఎక్కువ ఇష్టం. మదనపల్లె, వాయల్పాడు, పీలేరు, భాకరాపేట కనుమ, చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట. జాతీయ రహదారి 71. కనుమ దిగీదిగగానే శేషాచలం ఎడమ చేతికి వస్తుంది. తీరిక ఉంటే ఆ అడవిలోకి మళ్ళి తలకోన చూడొచ్చు. చంద్రగిరి ప్రాంతంలో పుట్టే స్వర్ణముఖి అక్కడి నుంచి మనతోనే వస్తుంది. తిరుపతి పక్కగా, కాళహస్తి గుడి గోడలను ఒరుసుకుని, నాయుడుపేట దాటి, వాకాడు దగ్గర సముద్రానికి సిద్ధమవుతుంది. నది ఎండిన నెలల్లో ఇసుక తెల్లగా మెరుస్తూ దారి చూపిస్తుంది. ఈ నదీ ఈ రోడ్డూ కలిసి పోయే చోటే దుగరాజపట్నం.

ఇప్పుడది చేపల వలలు, ఇసుక, దీపస్తంభం ఉన్న చిన్న ఊరు. 1626 నాటికి ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ గిడ్డంగి కట్టుకుంది. డచ్చివాళ్ళు పులికాట్‌లో గట్టిగా ఉండడంతో పక్కన చోటు వెతుక్కున్నారు. ఆర్ముగం అనే పెద్దమనిషి సాయం చేశాడని ఊరిని ఆర్మగాన్ అన్నారు. అక్కడ సరుకు సరిగా దొరక్క 1639లో దక్షిణానికి జరిగారు. చంద్రగిరి రాజుల కింది దామర్ల నాయకుల దగ్గర ఆ ఏడు ఆగస్టు 22న పట్టా పుచ్చుకుని మద్రాసు కట్టారు. కొండ మీది చంద్రగిరి కోట మాట మీద సముద్రం ఒడ్డున మహానగరం లేచింది. భాకరాపేట నుంచి వచ్చే మన బండి ఆ కోట పక్కనుంచే పోతుంది. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నానికి పెద్ద రేవు రాశారు, మొదటి దశ 2018కి అన్నారు. అటు పులికాట్ పక్షులు, ఇటు శ్రీహరికోట ఉండగా అది రాలేదు. ఊరు ఊరుగానే మిగిలింది. బండి స్టాండు వేసి, బూట్లు విప్పి నీళ్ళలోకి దిగినప్పుడు నాకు అదే మేలనిపించింది.

ఈ దారులు మనుషులవే కావు. 1980లలో హోసూరు, కావేరి అడవుల నుంచి ఏనుగులు పలమనేరు, కుప్పం కొండల్లోకి తిరిగి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. 2025 మేలో కర్ణాటక ఇచ్చిన, శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు అడవి మందలను పొలాల నుంచి మళ్ళించడానికి వచ్చాయి. బైరెడ్డిపల్లె దగ్గర కైగల్ జలపాతం చూసి చీకటి పడ్డాక కుప్పం వైపు బండి తోలే కుర్రాళ్ళకు చేతులు జోడించి చెబుతున్నా, వద్దు నాయనా. ఏనుగు మీ హారనుకు పక్కకు జరగదు. కనుమలు కూడా క్షమించవు. 2022 మార్చిలో భాకరాపేటలో పెళ్ళి బృందం బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలిలో బస్సు, లారీ గుద్దుకున్నాయి. పోయినవాళ్ళలో మనవాళ్ళు లేరని ఊరుకోలేం.

ఇప్పుడు బెంగుళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ వే వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు, చిత్తూరు మీదుగా వస్తోంది. 2022 మే 26న శంకుస్థాపన అయింది. కర్ణాటక వైపు తెరిచిన భాగంలో మోటారు సైకిళ్ళను రానివ్వడం లేదు. లారీలూ కార్లూ ఆ దారి పడితే, పాత మొగిలి కనుమలో రద్దీ తగ్గుతుంది. రోడ్ల శాఖ వాళ్ళు ఆ మలుపులను కొండ చెక్కి తిన్నగా చేయకుండా, పక్కన మిగిలిన చింతచెట్లను కొట్టకుండా ఉంచాలి. మొగిలి గుడి దగ్గర 1791 నాటి సంగతి చెప్పే రాయి ఒకటి నాటాలి. మీరు పోవాలనుకుంటే అక్టోబరు దాటాక, వర్షాలు లేని వారం చూసి బయలుదేరండి. మదనపల్లెలో తెల్లవారుజామున నాలుగున్నరకు బండి తీస్తే, భాకరాపేట కనుమ దిగేటప్పటికి వెలుగొస్తుంది. మధ్యాహ్నం భోజనానికి ముందే దుగరాజపట్నం.