మొండికేసిన అద్దం

పాత కారు అద్దం ఎంతసేపు స్విచ్ నొక్కినా కదలదు. మెకానిక్ వచ్చి, ఒక చేత్తో స్విచ్ నొక్కి పట్టుకుని, రెండో అరచేత్తో డోర్ మీద గట్టిగా చరుస్తాడు. అద్దం సర్రున పైకి లేస్తుంది. చూసేవాళ్లకు మంత్రంలా ఉంటుంది గానీ, ఆ ఒక్క దెబ్బతో అతనికి రోగం దొరికినట్టే. మోటారుకు కరెంటు అందించే కార్బన్లు అరిగాయి, అదురుకు మళ్లీ అంటుకున్నాయి. రేపో ఎల్లుండో మళ్లీ ఆగుతాయి.

ఆ మోటారు డోర్‌లోకి చేరడానికి చాలాకాలం పట్టింది. గుర్రపు బండ్ల రోజుల్లో అద్దానికి తోలు పట్టీ ఉండేది. పట్టీకి ఉన్న కన్నాలను మేకుకు తగిలించి, కావలసినంత ఎత్తులో నిలిపేవారు. తర్వాత తిప్పుడు హ్యాండిల్ వచ్చింది. 1940లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన వన్-ఎయిటీ కారులో మీట నొక్కితే కదిలే అద్దాలు పెట్టింది.

ఆ దశాబ్దంలో ఖరీదైన కార్లలో అద్దాన్ని ఎత్తింది నేరుగా కరెంటు కాదు, నూనె. ఒక పంపు ద్రవాన్ని ఒత్తిడితో తోస్తే, గొట్టాల గుండా డోర్‌లోని సిలిండర్‌కు చేరి అద్దాన్ని పైకి నెట్టేది. దించడానికి వాల్వు తెరిస్తే స్ప్రింగు కిందికి లాగేది. ఆ ద్రవం చాలా కార్లలో బ్రేక్ ఆయిలే. కారితే సీటు గుడ్డ పాడయ్యేది, డోర్ పెయింటు ఊడిపోయేది. ఈనాటికీ ఆ కార్లను బాగుచేసేవాళ్లు ముందు వెతికేది ఆ తడి జాడ కోసమే.

1951లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో ఆ గొట్టాల గొడవే లేకుండా అద్దాలను కరెంటు మోటార్లతో నడిపింది. ఇప్పటి కార్లలో మోటారుకు వార్మ్ గేర్ ఉంటుంది. మోటారు గేరును తిప్పగలదు గానీ, గేరు మోటారును వెనక్కి తిప్పలేదు. సగంలో ఆపిన అద్దాన్ని చేత్తో నొక్కినా దిగకపోవడానికి కారణం అదే. ఆ బలమే పిల్లలకు ప్రమాదమైంది. బయటికి తల పెట్టిన పసివాడి మోకాలు స్విచ్ మీద పడితే చాలు, అద్దం పైకి వచ్చేసేది. పైకి లాగితేనే అద్దం మూసుకునే స్విచ్‌లు ఉండాలని అమెరికా 2006లో నియమం తెచ్చింది. అంతకు ఎంతో ముందే రావలసిన నియమం అది.

మన దగ్గర అంబాసిడర్, పద్మిని, 1983 చివర రోడ్డెక్కిన మారుతి 800 అన్నీ హ్యాండిల్ తిప్పుకున్న బండ్లే. 1991 తర్వాత వచ్చిన కొత్త సెడాన్లతో పవర్ విండో మెల్లగా మామూలైంది. దానితోపాటే మెకానిక్‌కు కొత్త పని వచ్చింది. ఎక్కువగా మొరాయించేది డ్రైవర్ వైపు అద్దమే. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యేదాకా ప్రతి టోల్‌గేటు దగ్గరా దించి ఎత్తిన అద్దం అది.

తెలిసిన చెయ్యి ముందు చెవితో పనిచేస్తుంది. స్విచ్ నొక్కినా ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, స్విచ్, లేదా డోర్‌కూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో తెగిన వైరు. డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ ఆ వైరు మడత పడుతుంది కాబట్టి, పైన తొడుగు బాగానే కనిపించినా లోపల రాగి తెగి ఉంటుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ తీగ తెగినట్టు, లేదా అద్దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్ విరిగినట్టు. అద్దం మూలుగుతూ ఎక్కితే చాలాసార్లు మోటారు తప్పే ఉండదు. మన ఎండకూ దుమ్ముకూ అద్దం అంచున ఉండే రబ్బరు బీడింగ్ గట్టిపడి అద్దాన్ని బిగించేస్తుంది. అక్కడ కొత్త మోటారు వేయడం డబ్బు దండగ. దుమ్ము తుడిచి, సిలికాన్ స్ప్రే కొట్టి చూడాలి.

క్లిప్ ఒక్కటే విరిగినా చాలా చోట్ల మొత్తం సెట్టే కొనమంటారు. అందుకే పాత బండ్లవాళ్లు హైదరాబాద్ పుత్లీబౌలికో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లి పాత సామాన్ల కొట్లు వెతుకుతారు. వెతకదగిన పనే. దొరికిన ముక్కతో ఇంకో ఐదేళ్లు నడిచే అద్దాలున్నాయి.

విప్పేటప్పుడు అద్దం డోర్‌లోకి జారిపడకుండా, దాన్ని పైకి ఎత్తి ఫ్రేముకు టేపు అంటించాలి. డోర్ ప్యాడ్ వెనక పల్చని ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది. తొందరలో చాలామంది దాన్ని చించి పారేస్తారు. బీడింగ్ దాటి డోర్‌లోకి కారే వాన నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే. మంచి మెకానిక్ దాన్ని మళ్లీ జాగ్రత్తగా అంటిస్తాడు. డోర్ అడుగున ఆ నీళ్లు పోయే కన్నాల్లో ఇనుప తీగ దూర్చి, మట్టి రాల్చి, ఆ తర్వాతే ప్యాడ్ బిగిస్తాడు.