ఇంటిపేరు లేని రిజిస్టర్లు

అమెరికాలో క్వేకర్లు అనే ఒక క్రైస్తవ శాఖ వారున్నారు. పూజారులు, ఆర్భాటాలు లేని మతం వారిది. ఇంగ్లండులో ఆ మతం కోసం జైళ్ళపాలయ్యారు. 1681లో విలియం పెన్ అనే క్వేకరు, రాజుగారి వద్ద పట్టా పుచ్చుకుని పెన్సిల్వేనియా స్థాపించాక, కుటుంబాలతో ఓడలెక్కి అక్కడికి పోయారు. ఈనాటికీ వారి సంతతివారు చాలామంది మూడువందల ఏళ్ళ వెనుకటి తాతను, ఆయన బయలుదేరిన పల్లెను పేరుతో సహా చెప్పగలరు. దానికి కారణం గుమాస్తా అంటే మన మిత్రులు సంతోషిస్తారు. నెలకొకసారి జరిగే వారి సమావేశానికి ఒక గుమాస్తా ఉండేవాడు. జననం, మరణం, వివాహం అన్నీ పుస్తకాని కెక్కేవి. పెళ్ళికి వచ్చినవారంతా సాక్షులుగా సంతకాలు చేసేవారు. కుటుంబం ఊరు మారితే పాత సమావేశం నుంచి కొత్త సమావేశానికి ఒక ధృవపత్రం పట్టుకెళ్ళాలి. మన ఎల్.పి.సి. వంటిదే అనుకోండి. అది చేరకపోతే కొత్త ఆఫీసులో జీతం ఎలా పుడుతుంది?

మన జిల్లాల వారూ ఓడలెక్కారు. మతం కోసం కాదు, గంజి కోసం. 1866 నాటి గంజాం కరువు సంగతి పెద్దలు చెప్పగా విన్నవారు మనలో ఉండవచ్చు. అంతకు ముందే, 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు మనుషులను తరలించడం మొదలైంది. 1910 నాటికి దేశం మొత్తం మీద అక్కడికి చేరినవారు సుమారు నాలుగున్నర లక్షలు. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి వెళ్ళి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు వెళ్ళినవారు లక్షా యాభైరెండు వేల పైచిలుకు. ఐదేళ్ళ ఒప్పందం, మొదట్లో నెలకు పది షిల్లింగుల జీతం. వీరిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు చాలామంది.

వీరికీ గుమాస్తా ఉన్నాడు, కాని సర్కారు గుమాస్తా. మనిషికొక నెంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చలు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలు అవి. అయినా ఇవాళ మునిమనుమలకు అవే ఆధారం. మారిషస్ రిజిస్టర్లు మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఫ్రెంచి భాషలో పేరుపొందిన మారిషస్ రచయిత్రి నతాషా అప్పన తెలుగు సంతతి. 1872లో అక్కడికి చేరిన తన పూర్వీకుని గురించి 2023లో ఒక పుస్తకం రాశారు. ఆయన నెంబరు 358444. ఆమె పేరు వింటే మనవాళ్ళకు సింహాద్రి అప్పన్న గుర్తుకు రాక మానడు.

ఇన్ని గళ్ళు గీసిన ఆ గుమాస్తా ఇంటిపేరుకు మాత్రం గడి పెట్టలేదు. తెలుగువాడికి ఇంటిపేరు లేకపోతే వంశవృక్షానికి వేరు లేనట్లే. పరాయి దేశంలో తాత పేరే మనుమలకు ఇంటిపేరయింది.

నేను రెవెన్యూలో ఉన్న రోజుల్లో విదేశం నుంచి ఒక దంపతులు వచ్చారు. చేతిలో ఒక కాగితం. పేరు అప్పన్న, తండ్రి సన్యాసి, చికాకోల్ తాలూకా, గంజాం జిల్లా, కింద ఊరి పేరు. గంజాం అని చూసి ముందు ఒరిస్సా వెళ్ళి తిరిగి వచ్చారట. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు శ్రీకాకుళం గంజాంలోనిదేనని వారికి ఎవరు చెబుతారు? ఊరు దొరికింది. ఆ ఊళ్ళో అప్పన్న లేని ఇల్లు లేదు. "మా ఇంటిపేరు ఏమిటి?" అని ఆవిడ రచ్చబండ మీది ముసలివాళ్ళను ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరు చెప్పగలరు?

మన రికార్డు రూములు వెదికినా లాభం తక్కువ. విజయనగరం, బొబ్బిలి వంటి ఎస్టేటు గ్రామాల్లో రైతు పేరు సర్కారు లెక్కల్లోకి సవ్యంగా ఎక్కింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతి సెటిల్‌మెంటులోనే. అంతకు ముందువి జమీందారు కచేరీలోనో, కరణం ఇంటి అటక మీదో ఉండేవి. 1984లో కరణీకాలు పోయాక ఆ కట్టలు ఎన్ని చెదలపాలయ్యాయో! కాపుల ఇళ్ళకు వచ్చి గోత్రం, ఇంటిపేరు, వంశం పాడి చెప్పే పిచ్చుకగుంటలవారు కూడా అరుదైపోయారు. క్వేకర్ల పుస్తకం చేసిన పని మన దగ్గర వాళ్ళ నోరు చేసేది.

ఇక రంగం వెళ్ళినవారి మాట. కళింగపట్నంలోనో, భీమునిపట్నంలోనో టిక్కెట్టు కొని స్టీమరెక్కితే చాలు. 1937 వరకు బర్మా మన దేశంలో ఒక రాష్ట్రమే కనుక నెంబరూ లేదు, పుట్టుమచ్చా లేదు. అక్కడి మిల్లుల్లో, రేవుల్లో మనవాళ్ళను కోరంగీలనేవారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాక అడవిదారుల్లో నడిచి వచ్చినవారు కొందరు, దారిలో పోయినవారెందరో. మా తాతగారి అన్న అలా వెళ్ళినవాడే. ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయన భార్య చివరి వరకు బొట్టు తీయలేదు. కబురు రానిదే ఎలా తీస్తానని అనేదట. ఆయన పేరు ఏ రిజిస్టరులోనూ లేదు.

మారిషస్ వారికి గ్రామం పేరుంది, ఇంటిపేరు లేదు. మనకు ఇంటిపేరుంది, వెళ్ళినవాడి ఊసు లేదు. ఈ రెండు కాగితాలూ ఒకచోట కలిస్తేనే ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అందుకని ఒక లాంగు నోటుబుక్కులో గళ్ళు గీశాను. మొదటి గడి ఇంటిపేరు. తరువాత వెళ్ళిన మనిషి పేరు, తండ్రి పేరు, భార్య పేరు, పుట్టింటి ఊరు, అప్పటి తాలూకా, వెళ్ళిన దేశం, ఏ కరువులోనో ఏ పుష్కరాలకో అన్న గుర్తు. ఒకటో నెంబరు మా పెద్దతాతది. మీ ఇళ్ళలో అమ్మమ్మలు, మేనత్తలు ఇంకా ఉంటే ముందు వారిని అడగండి. తెలియని గడి ఖాళీగా వదిలినా సరే. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెస్తే నేనే ఎక్కిస్తాను.