గడువు దాటితే తప్పెవరిది? కాయితమే చెప్తది

ఊర్ల సీసీ రోడ్డో, డ్రైనో, బడి ప్రహరీ గోడో కాంట్రాక్టు పట్టే యువకులు ఇప్పుడు మస్తుమంది ఉన్నరు. పని చేసుడు అందరికీ వస్తది. పని లేటయితే ఏం చెయ్యాలెనో మాత్రం శానామందికి తెల్వదు. బిల్లుల కోత పడేది, కొట్లాట మొదలయ్యేది గక్కడనే.

ఒక పాత కేసు చూడుండ్రి. మహారాష్ట్రల ఆళంది నది మీద కాలువ వంతెన పని. 1955ల మొదలై ఏడాదిల అయిపోవాలె. కాలేదు. సర్కారు 1956ల కాంట్రాక్టు రద్దు చేసింది. హింద్ కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టర్స్ కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు 1979ల తేల్చింది: అగ్రిమెంటులనే గడువు పెంచే షరతు, లేటుకు జరిమానా షరతు ఉన్నయంటే, తారీఖు దాటంగనే రద్దు చేస్తమంటే చెల్లదు. ముందుగాల కొత్త గడువు పెట్టి నోటీసియ్యాలె. కాంట్రాక్టరే గెలిచిండు. కానీ ఏడాది పని పంచాయితీ ఇరవై ఏండ్లకు మించి నడిచింది.

అసలు ముచ్చట ఆలస్యం ఎవరిదన్నది. జాగ అప్పజెప్పకపోవుడు, డ్రాయింగులు ఇయ్యకపోవుడు, కరెంటు స్తంభాలు జరపకపోవుడు శాఖ దిక్కు తప్పులు. కూలీలు దొరకలే, మిషన్ ఖరాబైందంటే మామూలుగా కాంట్రాక్టర్ నెత్తినే పడతది. వానలు, వరదల సంగతి అగ్రిమెంటుల ఎట్ల రాసుకుంటే గట్ల.

చట్టం ఏమంటది? 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటుల రాసిన జరిమానా పై హద్దు మాత్రమే. అంతా గుంజుకునే హక్కు కాదు, న్యాయమైనంతే ఇప్పిస్తరు. నష్టమే జరగకుంటే పరిహారం లేదని 2015ల కైలాష్‌నాథ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కొన్ని పనుల నష్టాన్ని లెక్కగట్టుడే కష్టం. అక్కడ ముందే రాసుకున్న మొత్తం సబబైతే గదే ఇప్పియ్యొచ్చు.

గందుకే మూడు పనులు మరువొద్దు. ఒకటి, అడ్డంకి రాంగనే రాతల చెప్పాలె. కేంద్ర ప్రజా పనుల శాఖ షరతులల్ల అడ్డంకి వచ్చిన 14 రోజులల్ల గడువు పెంపు అడగాలె. మీ అగ్రిమెంటుల ఎన్ని రోజులున్నయో చూసుకోండ్రి. రెండు, అడ్డంకుల రిజిస్టర్ల తారీఖుతోని రాయించి ఇంజినీరు సంతకం తీసుకోవాలె. ఫోన్ల చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. మూడు, గడువు పెంచేటప్పుడు "అదనపు పైసలు అడగను" అని రాసిన కాయితం చదవకుండ సంతకం పెట్టొద్దు. పెడితే తర్వాత క్లెయిముకు గదే అడ్డం పడతది.

పైసల దావాకు మామూలుగా మూడేండ్లే గడువు. సారు మంచోడు, ఇప్పిస్తడని కూసుంటే చట్టం ఆగదు.