నగర శివార్లలో తేనెటీగల పెంపకం: నిబంధనలు, జాగ్రత్తలు

(పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం నేపథ్య సమాచారం)

రంగారెడ్డి జిల్లా శంషాబాద్ మండలంలోని తొండుపల్లి పరిసరాల్లో నేడు పొలాలు, నివాసాలు, రహదారులు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ మార్పు వేగవంతమైంది. ఇటువంటి ప్రాంతంలో తేనెటీగల పెట్టె ఒక కుటుంబానికి ఆదాయ వనరు, కూరగాయల రైతుకు మేలు, పొరుగువారికి మాత్రం భయకారణం. ఈ మూడింటినీ సమన్వయపరచుటకు నిబంధనలపై స్పష్టత అవసరం.

పెట్టె వేరు, తుట్టె వేరు

ఫిర్యాదు అందినప్పుడు మొదట తేల్చుకోవలసిన విషయం ఈగల జాతి. ఎత్తైన చెట్లకు, నీటి ట్యాంకులకు, భవనాల సజ్జాలకు బహిరంగంగా ఒకే పెద్ద తుట్టె కట్టేది కొండ తేనెటీగ. ఇది స్వభావరీత్యా ఉగ్రమైనది, కాలానుగుణంగా వలస పోతుంది, పెట్టెల్లో పెంపకానికి లొంగదు. పెట్టెల్లో పెంచేవి చెట్టు తొర్రలలో, పుట్టలలో సహజంగా నివసించే భారతీయ తేనెటీగ, 1960వ దశకంలో మన దేశంలో స్థిరపడిన ఐరోపా తేనెటీగ మాత్రమే. ఇవి కొండ తేనెటీగ కంటే సాధువైనవి. తుట్టె వలన జరిగిన ప్రమాదానికి పెట్టెల యజమానిని బాధ్యుని చేయుట గానీ, పెట్టెలపై భయంతో తుట్టెలను తగులబెట్టుట గానీ సమంజసం కాదు. మంట పెట్టినప్పుడు చెదిరిన ఈగలే దారిన పోయేవారిపై పడతాయి.

చట్టం ఏమంటుంది

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ప్రకారం, తన ఆధీనంలోని జంతువు వలన మనుష్యులకు ప్రాణాపాయం లేదా తీవ్ర గాయం కలుగకుండా తగిన జాగ్రత్త వహించని వ్యక్తికి 6 నెలల వరకు జైలుశిక్ష, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మనిషి మినహా ప్రాణి ఏదైనా జంతువేనని అదే చట్టం నిర్వచించింది. ప్రమాదకరమైన జంతువును నిర్బంధించవలసిందిగా లేదా తొలగించవలసిందిగా దాని యజమానిని ఆదేశించే అధికారాన్ని భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు కల్పించింది.

విమానాశ్రయ పరిసరాలకు మరొక నియమం వర్తిస్తుంది. 1937 నాటి విమాన నియమావళి 91వ నియమం, విమానాశ్రయ కేంద్ర బిందువు నుండి 10 కిలోమీటర్ల పరిధిలో పక్షులను, జంతువులను ఆకర్షించే చెత్తను వేయరాదని నిర్దేశిస్తున్నది. అందులో తేనెటీగల పెంపకం ప్రస్తావన లేదు. అయినను, పాత పట్టు ముక్కలను, చనిపోయిన పిల్ల పురుగులను ఆరుబయట పారవేయక మైనం కరిగించి, మిగిలినది పూడ్చివేయుట శ్రేయస్కరం.

పెంపకందారులు జాతీయ తేనెటీగల మండలి వారి ‘మధుక్రాంతి’ పోర్టల్‌లో నమోదు చేసుకొనవచ్చును. ఈ పోర్టల్ 2021లో ప్రారంభమైంది. ఇతర దేశాలలోనూ నమోదే తొలి మెట్టు. న్యూయార్క్ నగరం 2010లో పెంపకంపై నిషేధం తొలగించినప్పుడు ఆరోగ్య శాఖ వద్ద నమోదు, చాలినంత నీరు, గుంపు వలస నివారణ అనే షరతులు విధించింది.

పాటించవలసిన జాగ్రత్తలు

* పెట్టె ద్వారం బాట వైపు గానీ, పొరుగు ఇంటి వైపు గానీ ఉండరాదు. పెట్టెల ముందు మనిషి ఎత్తుకు మించిన దడి లేదా గోడ ఉన్నచో ఈగలు తలలకు పైగా ఎగిరిపోతాయి.
* పెట్టెల దగ్గరలోనే నీటి తొట్టి ఉంచవలెను. లేనిచో ఈగలు పొరుగువారి కుళాయిలకు చేరుతాయి.
* పూత కాలంలో వారం, పది రోజులకొకసారి పెట్టెను పరిశీలించి, చోటు చాలనప్పుడు అదనపు చట్రాలు అమర్చినచో గుంపు విడిపోవుట తగ్గుతుంది.
* తేనె తీసే పని ఎండ ఉన్న ప్రశాంత సమయంలో, పొగ డబ్బాతో, ముందుగా పొరుగువారికి తెలిపి చేయవలెను.
* పొలాలకు పురుగుమందు చల్లే రోజును రైతులు పెంపకందారులకు ముందుగా తెలియజేయవలెను.

ఈగలు కుట్టినప్పుడు

ముల్లుతో పాటు వెలువడే వాసన మిగిలిన ఈగలను రెచ్చగొడుతుంది. కావున చేతులు విదల్చక వెంటనే ఇంటిలోనికి గానీ, వాహనంలోనికి గానీ వెళ్లి తలుపులు మూయవలెను. ముల్లును ఆలస్యం చేయక తొలగించవలెను. ఊపిరాడకపోవుట, ముఖం వాచుట, స్పృహ తప్పుట వంటి లక్షణాలు కనిపించినా, ఒకేసారి అనేక ఈగలు కుట్టినా 108కి ఫోన్ చేయవలెను. తీవ్రమైన అలర్జీకి అడ్రినలిన్ ఇంజక్షన్ ప్రధాన చికిత్స. ఇందులో నిమిషాల ఆలస్యం కూడా ప్రాణాంతకం కాగలదు.

విమానాశ్రయం, తేనెటీగ

2019 సెప్టెంబరులో కోల్‌కతాలో ఒక విమానం ముందరి అద్దంపై తేనెటీగల గుంపు వాలగా, అగ్నిమాపక సిబ్బంది నీరు చిమ్మి చెదరగొట్టవలసి వచ్చింది, ప్రయాణం ఆలస్యమైంది. మరొక వైపు జర్మనీలోని హాంబర్గ్, డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయాలు తమ పరిసరాల్లో పెట్టెలు ఉంచి, తేనెను పరీక్షించి గాలి నాణ్యతను అంచనా వేశాయి. సరైన చోట, సరైన పర్యవేక్షణలో ఉన్నప్పుడు తేనెటీగలు విమానాశ్రయం పక్కన కూడా ఉండగలవనుటకు ఇది నిదర్శనం.

సొర, బీర, కాకర, దోస తీగలలో మగ పూలు, ఆడ పూలు వేరుగా ఉంటాయి. తేనెటీగల వంటి కీటకాలు పుప్పొడి చేరవేయనిదే కాయ నిలువదు. ఈగలను తరిమివేసినచో నష్టపోయేది పెంపకందారుడొక్కడే కాదు. కావున ఫిర్యాదు అందిన వెంటనే తొలగింపునకు పూనుకొనక, అది పెట్టెనా, తుట్టెనా అని తేల్చుకొని, పెట్టె అయినచో జాగ్రత్తలను సరిచేయించుట, తుట్టె అయినచో మంట పెట్టక శిక్షణ పొందినవారిచే తొలగింపజేయుట ఉచితం.