చూచినవాడొకడు, గీచినవాడొకడు

సూక్ష్మక్రిముల బొమ్మలు పాఠ్యపుస్తకాలలో మనమందరము చూచినవే. గుండ్రని చుక్కలు, కడ్డీలు, మెలికలు. వాటిని మొదట కనుగొన్నవాని పేరు బడిపిల్లలు కూడా చెప్పగలరు. మొదట గీచినవాని పేరు చెప్పే పాఠ్యపుస్తకాన్ని మాత్రము నేనింతవరకు చూడలేదు.

1665లో లండనులో రాబర్టు హుక్ ‘మైక్రోగ్రాఫియా’ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. అందులో 38 ఫలకాలున్నవి. మడతలు విప్పి చూడవలసినంత పెద్ద కాగితము మీద పేను బొమ్మ ఒకటి. పుస్తకపు తోలు అట్టకు పట్టిన బూజు బొమ్మ ఇంకొకటి. కంటికి ఆనని జీవికి అచ్చులో వచ్చిన మొదటి రూపము ఈ బూజుదే. హుక్ చిన్నతనములో కొద్దికాలము ఒక చిత్రకారుని దగ్గర పని నేర్చినవాడు. తాను చూచినది తానే గీచుకోగలడు. వెలుతురు మార్చి, వస్తువును అటూ ఇటూ త్రిప్పి, పలుమార్లు పరీక్షించి అసలు ఆకారము తేలినాకనే కలము పట్టానని పీఠికలో చెప్పుకొన్నాడు. గుంట మిట్టగాను, మిట్ట గుంటగాను కనిపించడము భూతద్దములో మామూలే.

హాలెండులోని డెల్ఫ్టు నగరవాసి ల్యూవెన్‌హాక్‌కు ఈ సౌకర్యము లేదు. బట్టల వర్తకుడు, నగర సభా భవనములో చిన్న ఉద్యోగము కూడా ఉండేది (మాబోటి గుమాస్తాలకు ఆయన మీద అభిమానము కలగడములో వింత లేదు). లాటిన్ రాదు, బొమ్మ వేయడము రాదు. వచ్చినదల్లా పూసంత గాజు కటకాన్ని నున్నగా సానపట్టి, రెండు లోహపు రేకుల నడుమ బిగించడము. అటువంటివి వందలకొద్దీ చేశాడు. ఈనాటికి మిగిలినవాటిలో ఒకటి వస్తువును సుమారు 266 రెట్లు పెంచి చూపుతుంది.

బొమ్మలకు ఒక చిత్రకారుని కుదుర్చుకొన్నాడు. ఆ పని ఎంత కష్టమో ఊహించండి. పరికరాన్ని కంటికి ఆనించి పట్టుకోవాలి, ఒక్కరికే కనబడుతుంది, చూడబోయేది నిలకడగా ఉండే వస్తువు కాదు, పరుగెత్తే ప్రాణి. 1676లో ల్యూవెన్‌హాక్ నీటిలోని చిన్న జంతువులను గురించి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాస్తే అక్కడివారు వెంటనే నమ్మలేదు. 1677లో హుక్ మిరియాలు నానబెట్టిన నీటిలో వాటిని చూచి, పదిమందికి చూపిన తరువాతనే నమ్మారు.

1683 సెప్టెంబరు 17 నాటి ఉత్తరములో ల్యూవెన్‌హాక్ తన పండ్ల పాచిలో కనిపించిన ప్రాణులను వర్ణించాడు. దానితో వచ్చిన బొమ్మలే బాక్టీరియాకు మొదటి చిత్రాలు. వాటిలో ఒకచోట కడ్డీ వంటి ప్రాణి ప్రక్కగా చుక్కల గీత ఉన్నది. అది ప్రాణి శరీరములోని భాగము కాదు, అది ఈదిన దారి! కదలికను కాగితము మీదికి ఎక్కించే ఉపాయము అంతకంటె ఏమున్నది?

1695లో మంచినీటి ఆల్చిప్ప పిండాలు గిరగిర తిరుగుతూ ఉంటే ల్యూవెన్‌హాక్, ఆయన కుమార్తె, చిత్రకారుడు కలసి రెండు గంటలసేపు వదలక చూచారట.

రెండు వందల సంవత్సరాల తరువాత జర్మనీలో ఏర్నెస్టు హెకెల్ సముద్రపు సూక్ష్మజీవులను, ఇతర జీవులను అందముగా చిత్రించి 1899 నుండి 1904 వరకు 100 ఫలకాలు వెలువరించాడు. ఉన్నదానికంటె పొందిక ఎక్కువ చూపాడని ఆయన మీద విమర్శ కలదు. నాకును ఆ బొమ్మలు నగల దుకాణపు అద్దాలబీరువాను తలపిస్తవి. కాని ఒక్క విషయము మెచ్చుకోవాలి. ఆ ఫలకాల అడుగున, వాటిని రాతిమీదికి ఎక్కించిన యేనా నగరవాసి అడాల్ఫ్ గిల్చ్ పేరు కూడా ఉన్నది.